ఈసీటీ మొదలయ్యాక డిప్రెషన్ ఎన్నాళ్లకి తగ్గుముఖం పడుతుంది?

రాజోలు దగ్గర్లోని ఊరి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మగారికి అరవై దాటాయి. వేసవి నుంచి ఆవిడ మునుపటి మనిషి కాదు. తిండి సగానికి సగం పడిపోయింది, తెల్లారగట్ల మూడింటికే లేచి కూర్చుంటున్నారు, "నా పాపం వల్లే ఈ ఇల్లు ఇలా అయిపోయింది" అని ఒకటే మాట. రెండు రకాల మందులు సరిపడా మోతాదులో వాడినా గుణం కనబడలేదు. చివరికి మంచినీళ్లు కూడా వద్దనే దాకా వచ్చింది. డాక్టరుగారు ఆసుపత్రిలో చేర్చుకుని ఈసీటీ మొదలుపెట్టారు. మత్తిచ్చి, తలకి కొన్ని సెకన్లు కరెంటు ఇచ్చే చికిత్స ఇది, జనం షాక్ ట్రీట్‌మెంట్ అంటారు. ఇప్పటికి రెండు సిట్టింగులయ్యాయి. "అమ్మలో మార్పేమీ లేదండి. పైగా నేను నిన్న ఎప్పుడొచ్చానో మర్చిపోయింది. మేనమామలు ఆపించెయ్యమని పట్టుబడుతున్నారు. పనిచేసేదైతే ఈపాటికి తెలియాలి కదా, ఇంకెన్నాళ్లు చూడాలి?" అని అడిగారు.

నేను సైకియాట్రిస్టుని. చాలాకాలంగా గోదావరికి ఇటూ అటూ ఉన్న ఊళ్ల మనుషులకే వైద్యం చేస్తున్నాను. సూటిగా చెప్తాను: రెండు సిట్టింగులకి ఏ నిర్ణయానికీ రాకూడదండి. ఎక్కువమందిలో మొదటి మార్పు మూడు, నాలుగు సిట్టింగుల దగ్గర కనబడుతుంది. ఆరు అయ్యేసరికి ఇంట్లోవాళ్లకి అనుమానం లేకుండా తెలుస్తుంది. మొత్తం కోర్సు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు సిట్టింగులు. పెద్ద వయసులో వచ్చి, తిండి మాన్పించి, లేని పాపాన్ని నెత్తిన వేసుకునేలా చేసే డిప్రెషన్ ఉందే, అది ఈసీటీకి బాగా లొంగే రకం. మీ అమ్మగారిది సరిగ్గా అదే. దయచేసి ఆపించకండి.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో 253 మంది తీవ్ర డిప్రెషన్ రోగులకి వారానికి మూడు చొప్పున ఈసీటీ ఇచ్చి, ఎవరు ఎప్పుడు కోలుకున్నారో లెక్కకట్టి 2004లో ప్రచురించారు. మూడో సిట్టింగుకే, అంటే మొదటి వారం చివరికే, 54 శాతం మందిలో జబ్బు తీవ్రత సగానికి పడిపోయింది. ఆరో సిట్టింగు లోపు 34 శాతం మందికి, పదో సిట్టింగు లోపు 65 శాతం మందికి లక్షణాలు దాదాపు పూర్తిగా పోయాయి. కోర్సు ముగిసేసరికి అలా తేరుకున్నవాళ్లు 75 శాతం.

ఈ అంకెల్ని రెండో వైపు నుంచి కూడా చూడండి. మూడో సిట్టింగుకి సగం మెరుగుదల రానివాళ్లు 46 శాతం ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ తర్వాత కోలుకున్నవాళ్లే. మూడో సిట్టింగుకే విసుగొచ్చి ఆపేసి ఉంటే వాళ్లందరి గతేమిటి?

అరవై దాటినవాళ్లనే తీసుకుని చేసిన ఇంకో పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. అందులో తలకి కుడివైపు మాత్రమే ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు అందించే బిళ్లలు పెట్టి, చాలా పొట్టి కరెంటు పల్సులతో ఇచ్చారు. జ్ఞాపకశక్తి మీద భారం తక్కువుండే పద్ధతి అది. తోడుగా వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మాత్ర వేశారు. 62 శాతం మంది పూర్తిగా తేరుకున్నారు, వాళ్లకి సగటున పట్టింది ఏడు సిట్టింగులు. ఇక లేనివి ఉన్నట్టు నమ్మే లక్షణం కూడా ఉన్న డిప్రెషన్‌లో అయితే, కోర్సు పూర్తి చేసినవాళ్లలో 95 శాతం కోలుకున్నట్టు 2001 నాటి ఒక అధ్యయనం చూపించింది. అలాంటి నమ్మకాలు లేనివాళ్లలో అది 83 శాతం. తన పాపం వల్ల ఇల్లు కూలిపోయిందని మీ అమ్మగారు గట్టిగా నమ్మడం చూసి మీకు భయం వేస్తోంది. వైద్యం చేసేవాడిగా నాకు అదే ఆశ కలిగిస్తోంది.

మాత్రలతో పోలిస్తే ఇది ఎంత వేగమో కూడా చెప్పాలి. డిప్రెషన్ మాత్ర పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితం తేలడానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీళ్లు కూడా తాగని మనిషికి ఆరు వారాలు ఎక్కడివండి? మీ డాక్టరుగారు ఈసీటీ వైపు వెళ్లింది అందుకే.

రోజులు లెక్కపెట్టకండి, సిట్టింగులు లెక్కపెట్టండి. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో వారానికి రెండే ఇస్తారు. మధ్యలో ఆదివారం వస్తుంది, పండగొస్తుంది, మత్తు డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉంటారు. అలా నాలుగు సిట్టింగులకి పదిహేను రోజులు పట్టేస్తుంది. "రెండు వారాలైనా తగ్గలేదు" అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు, నిజానికి అయింది నాలుగే. వారానికి మూడిస్తే మెరుగుదల త్వరగా వస్తుంది, మరుపు కొంచెం ఎక్కువుంటుంది. రెండిస్తే నెమ్మదిగా వస్తుంది, మరుపు తక్కువ. చివరికి చేరేది మాత్రం రెండు దారుల్లోనూ ఇంచుమించు ఒకచోటికే. తిండీ నీళ్లూ మానేసినవాళ్లకీ, ప్రాణం తీసుకోవాలని చూసేవాళ్లకీ నేను మూడే ఇస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మార్పు లేదని మీరు దేన్ని చూసి అంటున్నారు? అమ్మగారి ముఖంలో నవ్వు కోసమా? ఆవిడ నోటితో "బాగుందిరా" అనడం కోసమా? అవి చివర వచ్చేవండి. కాలవకి నీళ్లొదిలితే శివారు చేలకి ఆఖర్న అందుతాయి చూడండి, మనసులో దిగులు తగ్గడం కూడా అలా ఆఖర్నే. ముందు నిద్ర కుదురుతుంది. మూడింటికి లేచే మనిషి ఐదింటిదాకా పడుకుంటారు. తర్వాత నోటికి తిండి సయిస్తుంది. తర్వాత ఒంట్లో కదలిక: పిలిస్తే తల తిప్పి చూడటం, అడక్కుండా లేచి బాత్రూముకి వెళ్లడం, జారిన పైట సర్దుకోవడం. ఆ తర్వాత మాట. దిగులూ, పాపభీతీ వీటన్నిటి వెనక పోతాయి.

ఆకివీడు వైపు నుంచి ఒక రొయ్యల రైతుని తీసుకొచ్చారు. తెల్లమచ్చ వైరస్‌తో పంట పోయింది, అప్పులు మీద పడ్డాయి, నెమ్మదిగా మాట ఆగిపోయింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. మూడో సిట్టింగు అయిన సాయంత్రం భార్య అన్నం కలుపుతుంటే, "చెరువు మీద కరెంటు ఉందా, ఏరేటర్లు తిరుగుతున్నాయా" అని అడిగాడట. ఆవిడ ముద్ద చేతిలోనే పట్టుకుని ఏడ్చేసింది. మర్నాడు రౌండ్స్‌లో నేను "ఎలా ఉందండీ" అంటే ఆయన చెప్పింది: "ఏం లేదండి, అలాగే ఉంది." అబద్ధం చెప్పలేదాయన. ఆయనకి లోపల అలాగే ఉంది. నేను రాసుకున్నది మాత్రం ఆయన జవాబు కాదు, ఏరేటర్ల మాట. ఏడో సిట్టింగు దాటాక గానీ "ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉందండి" అన్నమాట ఆయన నోట రాలేదు.

ఇది మళ్లీ మళ్లీ చూసినదే: ముందు నర్సు గమనిస్తుంది, తర్వాత ఇంట్లోవాళ్లు, అందరికంటే ఆఖర్న రోగి. అందుకని "ఎలా ఉందమ్మా" అని గంటకోసారి అడక్కండి. ఒక నోటు పుస్తకం కొనండి. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఎన్ని ఇడ్లీలు తిన్నారు, తనంతట తాను ఏం మాట్లాడారు, రోజూ ఈ మూడూ రాయండి. వారం తిరిగాక మొదటి పేజీ తీసి చూడండి. ఆ పుస్తకం మీ డాక్టరుగారికి కూడా పనికొస్తుంది.

అందరికీ ఒకే వేగం ఉండదు. నెమ్మదించే కారణాల్లో కొన్ని మన చేతిలో ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా నాకు ఎదురయ్యేది నిద్రమాత్ర. ఈసీటీలో జబ్బుని తగ్గించేది కరెంటు కాదండి. మత్తులో, అదుపులో తెప్పించే ఫిట్. కరెంటు కొన్ని సెకన్లే, ఆ ఫిట్ ఇరవై నుంచి అరవై సెకన్ల దాకా ఉంటుంది. అది సరిగా వస్తేనే ఫలితం. ఆల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు, వాల్ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందులు సరిగ్గా ఆ ఫిట్‌నే అడ్డుకుంటాయి. మన ఊళ్లలో ఆర్ఎంపీ ఇచ్చిన నిద్రమాత్ర ఏళ్లతరబడి వేసుకుంటూ, అదొక మందే కాదన్నట్టు డాక్టరుకి చెప్పరు. ఆసుపత్రిలో చేరాక కూడా దిండు కింద పెట్టుకుని వేసుకుంటారు. అమ్మగారి చేతిసంచీ ఒకసారి చూడండి. ఏ మాత్ర దొరికినా పట్టుకెళ్లి డాక్టరుగారికి చూపించండి. మీ అంతట మీరు ఆపెయ్యొద్దు, ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే. అలాగే మూడ్‌ని నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి.

ఇంకో కారణం ఎలక్ట్రోడ్లు పెట్టే చోటు. రెండు కణతలకీ పెడితే త్వరగా గుణం కనబడుతుంది, మరుపు ఎక్కువ. కుడివైపు మాత్రమే పెడితే మరుపు తక్కువ, కొందరిలో రెండు మూడు సిట్టింగులు ఎక్కువ పడతాయి. ఏళ్లతరబడి సాగిన డిప్రెషన్, నాలుగైదు మందులకి లొంగనిది, తాగుడుతో కలిసి ఉన్నది, ఇవి కూడా నెమ్మదిగానే కదులుతాయి. కొన్ని అసలు కదలవు. తణుకు నుంచి వచ్చే ఒక కుర్రాడిది చిన్నప్పటి నుంచి ఉన్న దిగులు. దానికి ఈసీటీ పెద్దగా ఉపయోగపడలేదు. అతనికి నిలబడటానికి సాయపడింది కౌన్సెలింగూ, ఉద్యోగం మారడమూ. ఈసీటీ అందరికీ కాదు.

మరి ఆరు సిట్టింగులయ్యాక కూడా పుస్తకంలో ఏ మార్పూ లేకపోతే? అప్పుడూ వెంటనే ఆపడం కాదు. ఫిట్ సరిగా వస్తోందా అని చూస్తారు, మోతాదు పెంచుతారు, కుడివైపు నుంచి రెండు వైపులకి మారుస్తారు, మందులన్నీ మళ్లీ తిరగేస్తారు, అసలు జబ్బు నిర్ధారణే సరైనదా అని మళ్లీ ఆలోచిస్తారు. కోర్సు నడుస్తుంటే ఫిట్ రావడానికి కావలసిన మోతాదు పెరుగుతూ పోతుంది కాబట్టి, మొదట సరిపోయినది తర్వాత చాలకపోవచ్చు.

మీకు భయం పుట్టించింది మరుపు కదా, దాని గురించి దాపరికం లేకుండా చెప్తాను. సిట్టింగు అయ్యాక కొంతసేపు అయోమయం ఉంటుంది, ఇది ఏ ఊరు, మీరెవరు అన్నట్టు చూస్తారు. గంట లోపల సర్దుకుంటుంది. కోర్సు నడిచినన్నాళ్లూ నిన్న జరిగింది ఇవాళ గుర్తుండకపోవచ్చు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి కోర్సు అయిన కొద్ది వారాల్లో తిరిగొస్తుంది. చాలామందిలో, అప్పటిదాకా జబ్బు మింగేసిన ఏకాగ్రత కూడా తిరిగి రావడంతో మునుపటికంటే మెరుగవుతుంది కూడా. అయితే ఆసుపత్రిలో ఉన్న రోజులూ, దానికి ముందు కొన్ని వారాలూ శాశ్వతంగా చెరిగిపోవచ్చు. కొద్దిమందికి అంతకంటే పాత సంగతులు కూడా కొన్ని పోతాయి. ఇది నిజం, చిన్న విషయమూ కాదు. "అబ్బే, ఏమీ కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. "మెదడు పాడైపోతుంది" అనేవాళ్లనీ నమ్మకండి. మీరెప్పుడొచ్చారో ఆవిడ మర్చిపోవడం రెండో సిట్టింగు తర్వాత మామూలే. మీరెవరో గుర్తున్నారు కదా. అయోమయం రోజంతా ఉండిపోతుంటే మాత్రం డాక్టరుగారికి చెప్పండి, సిట్టింగుల మధ్య ఎడం పెంచుతారు. ఈ రెండు నెలల్లో పొలం కాగితాల మీదా, బ్యాంకు కాగితాల మీదా ఆవిడ చేత సంతకాలు పెట్టించకండి. ఎవరైనా తొందర పెడితే కుదరదని మీరే అడ్డు పడండి.

సినిమాల్లో కాళ్లూ చేతులూ కట్టేసి పెట్టే షాక్ గురించి మీ మేనమామలు చెప్తే, అది ఇప్పుడు నేరమని చెప్పండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే ఇంజెక్షన్ లేకుండా ఈసీటీ ఇవ్వకూడదు. మనిషి నిద్రలో ఉంటారు, కాలి వేళ్లు కాస్త అదురుతాయి, ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. ప్రాణాపాయం లక్ష సిట్టింగులకి రెండు చొప్పున ఉంటుందని పెద్ద సమీక్షల్లో తేలింది. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఎక్కువ జాగ్రత్త కావాలి, అందుకే ముందు ఈసీజీ, మిగతా పరీక్షలు.

సిట్టింగు ఉన్న రోజు పొద్దున మీరు చూసుకోవాల్సింది ఖాళీ కడుపు. తెల్లారగట్ల పక్క మంచం వాళ్లు జాలిపడి కాఫీ చుక్క పోస్తారు, అంతే, ఆ రోజు సిట్టింగు రద్దు. తినని మనిషి నోరు తెరిచి కాఫీ అడిగినా ఆ ఒక్క పూట ఆగమనండి. పొద్దున్నే వేసే బీపీ, షుగరు మాత్రల సంగతి మత్తు డాక్టరుని అడిగి చెయ్యండి.

మధ్యలో ఒక ప్రమాదకరమైన వారం ఉంటుంది. ఒంట్లో ఓపిక ముందు వస్తుంది, దిగులు తర్వాత పోతుంది అన్నాను కదా. ఈ రెండిటి మధ్యా ఉన్న రోజుల్లో, చచ్చిపోవాలనే ఆలోచన ఇంకా పోని మనిషికి లేచి తిరిగే బలం వస్తుంది. ఈసీటీ ఆ ఆలోచనని కూడా త్వరగానే తగ్గిస్తుంది. అలాంటి ఆలోచనలు బలంగా ఉన్న 131 మందిని గమనిస్తే మూడో సిట్టింగుకి 38 శాతం మందిలో, ఆరోదానికి 61 శాతం మందిలో, కోర్సు చివరికి 81 శాతం మందిలో అవి పూర్తిగా పోయాయి. అయినా అందరిలో పోలేదని కూడా ఆ అంకెలే చెప్తున్నాయి. ఆసుపత్రిలో రాత్రీపగలూ ఎవరో ఒకరు పక్కన ఉండండి. ఇంటికి తీసుకెళ్లే ముందే వరిచేను మందులూ చెరువు మందులూ ఇంట్లోంచి తీయించెయ్యండి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని పూటపూటా చేతికివ్వండి. ఆవిడ ఏమైనా అంటే భయపడకుండా సూటిగా అడగండి, "అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ గంటలోనైనా తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, ఇది ఇప్పుడు మీ ఆలోచనలో లేదు గానీ నెల తిరిగేసరికి వస్తుంది. ఈసీటీ ఎంత త్వరగా పైకి తీసుకొస్తుందో, ఆ తర్వాత మందు లేకపోతే అంత త్వరగానూ జారిపోతుంది. 2001లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఈసీటీతో కోలుకున్నవాళ్లని ఆరు నెలలు గమనించారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లలో 60 శాతం. దానికి లిథియం కలిపితే 39 శాతం. పాలకొల్లు దగ్గర నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దసరాకి చక్కగా కోలుకుని ఇంటికెళ్లారు. పూతరేకులు చుట్టి వార్డు నర్సులకి పంపించారు. "ఇంత బాగున్నాక ఇంకా మందులెందుకు" అని కోడలు ఆపించేసింది. సంక్రాంతికి అల్లుళ్లు వచ్చేసరికి ఆవిడ మళ్లీ గది తలుపేసుకుని ఉన్నారు. మళ్లీ కోర్సు ఇచ్చాం, మళ్లీ లేచారు. ఈసారి మందులు మానలేదు. మొదట్లో నెలకోసారి ఈసీటీకి కూడా వచ్చారు, అలా ఎడంగా కొనసాగించడం కూడా ఒక పద్ధతే. మీ అమ్మగారి విషయంలో తర్వాత ఏ మందు, ఎంతకాలం అన్నది కోర్సు ముగిశాక కాదు, ఇప్పుడే అడగండి.

మీ మేనమామల సంగతి. వాళ్ల చెల్లెలి మీద ప్రేమతోనే వాళ్లు వద్దంటున్నారు, వాళ్లతో వాదన పెట్టుకోకండి. పెద్దాయన్ని తర్వాతి సిట్టింగుకి తోడు తీసుకెళ్లండి. చించినాడ వంతెన దాటి పొద్దున్నే బయల్దేరితే సిట్టింగు టైముకి అందుకుంటారు. సిట్టింగు అయ్యాక ఆవిడ కళ్లు తెరిచేదాకా పక్కన కూర్చోనివ్వండి. మత్తు వదిలాక మొదటి ఇడ్లీ ఆయన చేత్తోనే పెట్టమనండి. అడగాలనుకున్నవన్నీ డాక్టరుగారిని ఆయన్నే అడగనివ్వండి. అమ్మగారితో కూడా మాట్లాడండి. చెవి పెట్టి వినే స్థితికి రాగానే, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్నది ఆవిడకే చెప్పి ఆవిడ ఒప్పుకోలుతోనే ముందుకెళ్లాలి. అది మర్యాదే కాదు, చట్టం కూడా. ఆపాలా వద్దా అన్న చర్చ ఆరో సిట్టింగు దాటాక, నోటు పుస్తకం ముందు పెట్టుకుని చేసుకోండి.